ఇంట్లో ఎవరు కాశారు?

"మాస్టారూ, మధ్యాహ్నం విచారణ ఉంది" అన్నాడు గుర్రాల ట్రైనరు ఫోన్లో.

పక్కగదిలో భార్య కుట్టుమిషను దడదడలాడిస్తోంది. డ్రైవింగు మాస్టారి చెవికి ఆ మాటలో ముక్కాలే చేరింది. "విచారం మధ్యాహ్నం దాకా ఆగుతుందా అండీ? ఆదివారం నుంచి మా ఇంట్లో మూడుపూటలా అదే. అమ్మాయికి ముద్ద కూడా దిగడం లేదు" అన్నాడు.

ట్రైనరుకి ఒళ్ళు మండింది. విచారం కాదు మహానుభావా, విచారణ అని అరిచి, సంగతి విడమరిచి చెప్పాడు. ఆదివారం పందెంలో మాస్టారి కూతురు అందరికంటే ముందు పరిగెత్తిస్తున్న గుర్రాన్ని గీత దగ్గరపడుతుండగా ఆపేసింది. వెనక వస్తున్న నల్లగుర్రం గెలిచింది. జాకీ అయిన ఈ పిల్ల ఇంటివాళ్ళే ఎవరో ఆ నల్లగుర్రం మీద పందెం కాశారని ఇవాళ రేసుల కమిటీకి కబురు అందింది. జాకీ ఇంటివాళ్ళు పందెం కాయడమే తప్పు. అందులోనూ ఎదుటి గుర్రం మీద కాశారంటే పిల్ల డబ్బుకోసం కావాలని ఓడిపోయిందనే అనుకుంటారు. అది నిజమని తేలితే లైసెన్సు రద్దవుతుంది. మళ్ళీ ఏ మైదానంలోనూ గుర్రమెక్కనివ్వరు.

మాస్టారు ఫోను పెట్టేసి చూస్తే గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఒక చేతిలో బూటు, ఒక చేతిలో బ్రష్షు. ట్రైనరు గొంతు చిన్నది కాదు గనక ఆమెకు మొత్తం వినపడింది.

"నువ్వే కదా నాన్నా" అంది.

"నేను కాయలేదు."

"మరి ఎవరు? ఈ ఇంట్లో పందేలు కాసిన మనిషి ఇంకెవరున్నారు?"

కుట్టుమిషను ఆగిపోయింది.

ఆ ఇంట్లో నాడా అన్న మాటకు మొదటినుంచీ రెండు అర్థాలు. ఆయనకు అది గుర్రం కాలికి కొట్టేది. ఆవిడకు పైజామా నడుముకు దూర్చేది. పెళ్ళయిన కొత్తలో ఆయన సంపాదన మొదటి నాడా కింద పడి నలుగుతుంటే, ఆవిడ రెండో నాడాతో సంసారం జారిపోకుండా ముడివేసుకుంటూ వచ్చింది. పైగా ఆయన హస్తవాసి ఎలాంటిదంటే, డబ్బు పెట్టిన ప్రతి గుర్రమూ ఓడిపోయేది. ఆరోగ్యంగా ఉన్న గుర్రం కూడా ఆయన టిక్కెట్టు కొనగానే నీరసపడేది. ఇది మైదానంలో అందరూ చెప్పుకుని నవ్వుకునే మాట. ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు.

కూతురు మొదటిసారి జీను మీద కూర్చున్న రోజున మానేశాను అంటాడాయన. రేసంటే ఇప్పుడు నాకు ఆటే, పరుగు చూసి వచ్చేస్తాను, అంతే అంటాడు. ఊళ్ళో సగంమందికి బ్రేకు వేయడం నేర్పిన మనిషి తనకు తాను బ్రేకు వేసుకున్నాడంటే భార్య ఒక్కనాడూ నమ్మలేదు.

ఇప్పుడు ఆవిడ కత్తెర చేతిలో ఉందన్న సంగతి కూడా మరిచిపోయి గదిలోంచి వచ్చేసింది. ఇన్నాళ్ళూ నా పుస్తెలు, నా గాజులు, నా నిద్ర తిన్నారు, సరే అనుకున్నాను, చివరికి కన్నకూతురి నోటిదగ్గర కూడు కూడా పందెంలో పెట్టారా అని మొదలుపెట్టింది. ఆట అని పేరు పెట్టుకుని ఆడే జూదానికి సిగ్గు కూడా ఉండదని తేల్చేసింది. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళలో చేతిలో టిక్కెట్టు లేనివాణ్ణి ఒక్కణ్ణి చూపించమంది.

"నేనున్నాను" అన్నాడాయన.

"మీరున్నారు. అందుకే ఫోనొచ్చింది."

మాస్టారికి కోపం నషాళానికి అంటింది. మామూలుగా కోపం వస్తే ఆయన మాటల్ని తిరగేసి, మరగేసి ఎదుటివాళ్ళను నవ్వించి తప్పించుకుంటాడు. ఆరోజు ఒక్క మాటా తిరగబడలేదు. ఆయనే తిరగబడ్డాడు. "గుర్రానికి తెలుసా తన మీద ఎవడు ఎంత కాశాడో? అది పరిగెత్తడం నేను చూస్తాను. దాని మీద నా కూతురు కూర్చోవడం చూస్తాను. అది జూదమెలా అవుతుంది?"

"గుర్రానికి తెలియదు నాన్నా" అంది కూతురు. "నాకూ తెలియదు. దాని ముందుకాలు తేడాగా పడుతోందని నా మోకాళ్ళకు తెలిసింది, ఆపేశాను. ఇంకో పది అడుగులు వేసుంటే ఆ కాలు విరిగేది. గెలుపు వదులుకుని ఆపితే అక్కడ జనం నా మీద సీసాలు విసిరారు. అవి తగిలినా ఊరుకున్నాను. ఇప్పుడు నువ్వు విసిరావు."

ఆయన కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. చెప్పులు వేసుకుని కారు దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. ఎల్ అక్షరం అంటించిన ఆ పాత కారులోనే ముగ్గురూ విచారణకు బయల్దేరారు. తల్లీ కూతుళ్ళు వెనక సీట్లో ఎక్కారు. పక్కసీటు ఖాళీగా ఉంది. ఆయన కూడళ్ళ దగ్గర అవసరం లేకపోయినా హారన్ కొడుతూ నడిపాడు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల, దాని వెనక ముగ్గురు పెద్దమనుషులు. ట్రైనరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముందు గుర్రాల డాక్టరు మాట్లాడాడు. ముందుకాలి ఎముకలో సన్నటి చీలిక ఉందనీ, పిల్ల ఆపకపోతే గుర్రం దక్కేది కాదనీ చెప్పాడు. అధ్యక్షుడు తల ఊపాడు గానీ మొహం విప్పలేదు. కాలు సంగతి సరే, కాసిన సంగతి తేలాలి అన్నాడు. పందెం డబ్బు కట్టించుకున్న గుమాస్తాను పిలిపించి, ఇక్కడున్నవాళ్ళలో ఆ మనిషి ఉన్నాడా అని అడిగాడు.

మాస్టారు ఛాతీ విరుచుకుని ముందుకు జరిగాడు. గుమాస్తా ఆయన్ని చూసి, ఈయన నాకు ఎప్పటినుంచో తెలుసండీ, కొన్నేళ్ళుగా కౌంటరు వైపే రావడం లేదు అన్నాడు. తర్వాత ఆయన వెనక్కి చూపించాడు.

"ఆవిడండీ. మెడలో కొలతటేపు వేసుకుని వచ్చారు. ఆ పచ్చచొక్కా పిల్ల మా అమ్మాయి, దాని గుర్రం వద్దు, నల్లదాని మీద ఇవ్వండి అన్నారు."

గదిలో అందరూ ఆవిడ వైపు తిరిగారు. కూతురు మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆవిడ మాత్రం కంగారు పడలేదు. పైగా చిరాకు పడింది. "అవును, నేనే. అయితే అది పందెమెలా అవుతుంది?" అంది.

డబ్బిచ్చి టిక్కెట్టు కొంటే దాన్ని పందెం కాక ఏమంటారమ్మా అన్నాడు అధ్యక్షుడు.

"పందెమంటే గెలవాలని కాసేది. నేను ఓడాలని కాశాను."

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ, పైటచెంగు నడుముకు చుట్టుకుని, తెలివితక్కువ పిల్లలకు చెప్పినట్టు చెప్పుకొచ్చింది. పందేనికి ముందురాత్రి కూతురు వణికిపోతూ, అమ్మా, నాకు ఆ నల్లగుర్రమొక్కటే భయం అంది. మా ఆయన డబ్బు పడ్డ గుర్రం గెలవడం పెళ్ళయిన నాటినుంచి నేను చూడలేదు. అందుకని ఆ డబ్బు తీసుకెళ్ళి నల్లగుర్రం నెత్తిన పెట్టాను. నా కుట్టుకూలి డబ్బయితే పనిచేయదని ఆయన డబ్బే పెట్టాను. ఆదివారం నేనూ ఆయనతో మైదానానికి వెళ్ళాను. ఎండగా ఉందని ఆయన కోటు విప్పి నా చేతికిచ్చి కంచె దగ్గరకు వెళ్ళాడు, ఆ జేబులోంచి తీశాను. అంతకుమించి నాకేం తెలియదు.

కమిటీలో చివరాయన దగ్గు తెచ్చుకుని మొహం దాచుకున్నాడు. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. మరి నల్లగుర్రం గెలిచింది కదా, ఆ డబ్బేం చేశారు అని అడిగాడు.

"గెలిచిందని ఒళ్ళు మండి టిక్కెట్టు ముక్కలు చేసి పారేశాను" అంది.

ఆ టిక్కెట్టుకు డబ్బు తీసుకోవడానికి ఇంతవరకూ ఎవరూ రాలేదని గుమాస్తా కూడా చెప్పాడు.

ముగ్గురూ తలలు దగ్గరపెట్టుకుని చాలాసేపు గుసగుసలాడారు. పిల్ల తప్పు లేదు, లైసెన్సు ఉంటుంది. తల్లి మాత్రం ఈ ఏడాదంతా మైదానంలో అడుగుపెట్టకూడదు. అధ్యక్షుడు లేవబోయాడు.

"ఒక్కమాట ఉందండీ" అంది ఆవిడ. ఆ గొంతులో చిరాకు పోయింది. "నేను కోటు జేబులో చెయ్యి పెట్టేసరికి సాయంత్రమైంది. అప్పటికి పందేలన్నీ అయిపోయి ఆఖరిదొక్కటే మిగిలింది. జేబులో డబ్బు, పొద్దున ఈయన సంపాదనలోంచే ఖర్చులకని నేను తీసిచ్చింది, ఇచ్చినట్టే ఉంది. మడత కూడా విప్పలేదు. పందేలు కాసే మనిషి జేబు సాయంత్రానికి అలా ఉంటుందా? అది చేత్తో పట్టుకుని కూడా నాకు బుద్ధి రాలేదు. పొద్దున కత్తెర పట్టుకుని ఈయన్ని నానామాటలూ అన్నాను. ఈయన కాయడం లేదండీ. ఆట చూడ్డానికే వస్తాడు. ఈ పిల్లను చూడ్డానికే వస్తాడు. ఈ మాట ట్రైనరు గారికీ, ఈ గుమాస్తా గారికీ, మీకూ అందరికీ తెలియాలి."

కూతురు వెళ్ళి తండ్రి భుజం మీద నుదురు ఆనించింది. ఆయన ఆ తల మీద చెయ్యి వేసి, భార్య వైపు చూశాడు. కోపమింకా తగ్గలేదు, కళ్ళు మాత్రం నిండాయి.

"ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను కదే" అన్నాడు.