ఎంతమంది వచ్చారు?

పొద్దుట్నుంచి పదిహేడు మందిని జతకలిపింది సువర్చల. నిద్రపట్టని వాళ్ళు, ఎత్తంటే హడలిపోయేవాళ్ళు, చంద్రశిబిరం నుంచి తిరిగొచ్చి ఇంట్లో ఇమడలేనివాళ్ళు. కాకినాడ మనోజత కేంద్రంలో ఆమె పని ఎదుట కూర్చున్నవాళ్ళ చేత సరిజోడు అనే యంత్రం ముందు నాలుగు మాటలు మాట్లాడించడం. అది వాళ్ళ గొంతు విని, మనోదూరం కొలిచి, తగిన చికిత్సాయంత్రం పేరో, శిబిరం పేరో తెర మీద వేస్తుంది. దాని కింద సువర్చల బొటనవేలి ముద్ర వేస్తుంది. చట్టం ఇంకా ఆ ఒక్క వేలిని నమ్ముతోంది మరి.

పద్దెనిమిదో మనిషి సుగుణ. ముప్పై రెండేళ్ళుంటాయి, వానమాపక స్తంభాలు బాగుచేసే ఉద్యోగం. చిన్నప్పట్నుంచీ ఆమెలో ఇంకో ఇద్దరున్నారు: ఏడేళ్ళ బుజ్జి, భయం వేసినప్పుడు ముందుకొచ్చి నిలబడే పెద్దాయన. వాళ్ళొచ్చినప్పుడు ఆమెకు గంటలు గల్లంతవుతాయి. మొన్న ఎనభై అడుగుల స్తంభం మీద తెలివొచ్చిందట, ఎప్పుడెక్కిందో తెలీదు. వైద్యుడి కోసం ఈ కేంద్రానికి రావడం ఇది నాలుగోసారి. మూడుసార్లూ సరిజోడు ఏకస్వర శిబిరానికే పంపింది. మూడుసార్లూ ఆమె గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది.

ఈసారీ తెర మీద అదే వచ్చింది. రేపు ఉదయం, ఏకస్వర శిబిరం, అదనపు స్వరాల తొలగింపు. కాదంటే వరుసలోంచి పేరు కొట్టేస్తారు.

"వైద్యం వద్దనట్లేదండి," అంది సుగుణ. "ఎప్పుడు ఎక్కణ్ణుంచి పడిపోతానో అని భయంగానే ఉంది. కానీ బుజ్జిని తీసేస్తే మా అమ్మ మొహం పోద్దండి. నాకు గుర్తు లేదు. దానికే గుర్తు."

సువర్చల వేలు తెర మీదికి వెళ్ళి ఆగిపోయింది.

ముప్పై ఏళ్ళ కిందట ఆమె డాక్టర్ పరంజ్యోతి గారి దగ్గర పనిచేసేది. కుట్టుమిషన్ల దుకాణం పైన రెండు గదులు, కింద నుంచి రోజంతా టకటకమని చప్పుడు. ఇలాంటివాళ్ళు వస్తే డాక్టరమ్మ జబ్బేమిటని అడిగేది కాదు, ఎంతమంది వచ్చారని అడిగేది. ఎంతమందంటే అన్ని గ్లాసుల టీ పెట్టాలి. అది అక్కడి పద్ధతి. ఓసారి ఒకాయన నలుగురమన్నాడు. తాగేది ఒక్క నోరే కదా అనుకుని సువర్చల ఒకే గ్లాసు తెచ్చింది. ఆయన గ్లాసు వంక కాసేపు చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. డాక్టరమ్మ తిట్టలేదు. తనే ఇంకో మూడు గ్లాసులు పెట్టి సాయంత్రం దాకా ఎదురుచూసింది. తిట్టినా బావుండేదని సువర్చలకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ గదులంటే, ఆ టకటకలంటే ఆమెకు బెంగ. ఇక్కడ యంత్రాలు చప్పుడు కూడా చెయ్యవు.

ఆమె తెర మీంచి వేలు తీసేసి, సుగుణ వైపు తిరిగింది.

"ఎంతమంది వచ్చారమ్మా?"

సుగుణ ఒకసారి తలుపు వైపు చూసింది. తర్వాత వచ్చిన గొంతు చిన్నపిల్లది.

"ముగ్గురం. పెద్దాయన తలుపు దగ్గరే ఉంటాడంట. కూర్చోడంట."

దరఖాస్తులో స్వరసంఖ్య అనే గడి ఉంది. అందులో ఒకటి ముందే వేసి ఉంటుంది. సువర్చల ఇక్కడ చేరిన పదకొండేళ్ళలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సువర్చల దాన్ని చెరిపి మూడు వేసింది. పొరపాటు, సవరించమంది సరిజోడు. ఆమె ముద్ర వేసింది. ఈ ముద్ర పూర్వోదాహరణ అవుతుందనీ, అన్ని బల్లల దగ్గరా ఇకపై ఇదే పద్ధతి నడుస్తుందనీ, బాధ్యత ఆమెదేననీ యంత్రం హెచ్చరించింది. ఉద్యోగం ఊడినా ఊడొచ్చు. ఆ నాలుగు గ్లాసులు కళ్ళముందు మెదిలాయి. మళ్ళీ ముద్ర వేసింది.

తెర కాసేపు ఖాళీగా ఉండి, ఎవరూ తెరవని మానవ చికిత్సకుల జాబితాకు వెళ్ళి ఒకే పేరు చూపించింది. పరంజ్యోతి, వయసు ఎనభై ఒకటి. సువర్చల ఫోన్ చేసింది. తనెవరో చెప్పబోతే అవతలి గొంతు అడ్డుపడింది.

"నీ గొంతు నాకు తెలీదుటే? ఎంతమంది?"

"ముగ్గురండి."

"పంపించు. పంచదార ఎవరికెంతో కనుక్కో."

సుగుణ నవ్విందో, బుజ్జి నవ్విందో సువర్చలకు తెలియలేదు. చీటీ రాసిచ్చి, చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు పక్క బల్ల దగ్గరి సరిజోడు తన ముందు కూర్చున్న మనిషిని అడిగింది. అచ్చం సువర్చల గొంతే, అదే యాస.

"ఎంతమంది వచ్చారు?"

ఆ వెనక బల్ల, దాని వెనక బల్ల. హాలంతా అదే ప్రశ్న. పక్క బల్ల దగ్గర చంద్రశిబిరం యూనిఫాంలో ఉన్న పెద్దమనిషి నవ్వి, ఒక్కణ్ణే అనబోయి, ఆగిపోయాడు.