ముందు, తర్వాత

ఒకే మాట పదిమంది వింటే పది అర్థాలు పుడతాయని బడిలో పిల్లలకు చెబుతుంటాను. ఆ పాఠం నాకే ఎదురొస్తుందని అనుకోలేదు.

మా అక్క భర్త పాత కార్లు బాగుచేస్తాడు. విప్పిన బండిని తిరిగి ఎలా బిగించాలో ఒకరికొకరు చూపించుకోవడానికి, ఆయనలాంటి వాళ్లంతా తమ ఫోటోలను ఆన్‌లైన్‌లో ఒకేచోట దాచుకోవాలనుకున్నారు. మాస్టారికి ఓపిక ఎక్కువని సర్దే పని నా నెత్తిన పెట్టారు. రెండు ఫోల్డర్లు చేశాను. విప్పకముందు తీసినవి ‘ముందు’లో, బిగించాక తీసినవి ‘తర్వాత’లో.

ఇంకేముంది, అందరూ బండి ముందు భాగం తెచ్చి ‘ముందు’లో కుమ్మరించారు. లైట్లు, బంపర్లు, ఒకాయన బొటనవేలు. ‘తర్వాత’ ఖాళీ. వాళ్లలో కార్లకి రంగులేసే పెయింటరుకి ఫోన్ చేసి మళ్లీ ఓనమాలనుంచి చెప్పాను.

“అది సరే మాస్టారూ, బండికి ముందుంటుంది, వెనకుంటుంది. ఈ తర్వాత అనేది ఎక్కడుంటుంది?” అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. గోడకి చెప్పినా ఈపాటికి తలూపేది.

ఆ మధ్యాహ్నం ముసురు. బావ షెడ్డు రేకుల మీద వాన ఆగకుండా రాలుతోంది. గ్రీజు వాసన, తడిసిన తుప్పు వాసన. తలుపు కిందనుంచి నీళ్లు సన్నగా లోపలికి పాకుతున్నాయి. చక్రాలు విప్పి జాకీ మీద లేపిన కారు కింద దూరి, పాదాలు మాత్రం బయటపెట్టి బావ ఏదో నట్టుతో కుస్తీ పడుతున్నాడు. నేను కారుకి వీపు తిప్పి కుర్చీలో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఫోటోలు ఏరుతున్నాను.

“ఏం మాస్టారూ, మీ శిష్యులు పాసయ్యారా?” కారు కిందనుంచి గొంతు.

“ఒక్కడూ కాలేదు. నీతో కలిపి.”

“మీ అక్కకి చెప్పకు. అసలే కోపంగా ఉంది.”

“ఉండదా మరి? కారు కింద దూరితే జాకీ జారినా ఆపేలా దిమ్మలు పెట్టుకోమని మొత్తుకుంటుంది. పెట్టావా?”

“ఒక్క నట్టేగా...”

అప్పుడే ‘ముందు’లో కొత్త ఫోటో పడింది. మళ్లీ ఏ బంపరో అనుకుంటూ విసుగ్గా తెరిచాను.

బంపరు కాదు. జాకీ మీద కారు. కిందనుంచి రెండు పాదాలు. ఎడమ చెప్పుకి అక్క కుట్టిన ఎర్రదారం. ఇవతల కుర్చీలో ఎవరో వీపు తిప్పి కూర్చున్నాడు.

నా చొక్కా. నా బట్టతల.

షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. తలుపు గడియ వేసి ఉంది...

పంపినవాళ్ల పేరు ఉండే చోట ఏమీ లేదు. ఫోటోలో జాకీ అడుగున నీళ్లు మెరుస్తున్నాయి. జాకీ కొంచెం... పక్కకి ఒరిగింది.

మెల్లగా వెనక్కి తిరిగాను. నిజంగానే ఒరిగి ఉంది.

“బావా, బయటికి రా.”

“ఉండవయ్యా, వస్తోంది.”

రెండు కాళ్లూ పట్టుకుని ఈడ్చాను. చెప్పులు ఊడి అక్కడే ఉండిపోయాయి. బావ తల బయటికి వచ్చిందో లేదో, జాకీ కిర్రుమంది. కారు నేలకి అంటుకుంది.

ఇద్దరం నేలమీదే కూలబడ్డాం. బావ తన పాదాలు తడుముకుంటున్నాడు. “మీ అక్కకి చెప్పకు,” అని గొణిగాడు. ఈసారి అందులో హాస్యం లేదు.

ల్యాప్‌టాప్ టింగుమంది.

‘తర్వాత’లో ఒక ఫోటో. నేలమీద మేమిద్దరం. బావ చేతులు పాదాల మీద. అంచున, దగ్గరగా, ఎర్రదారం చెప్పు... ఆ ఫోటో తీసింది కారు కిందనుంచి. ఇప్పుడు అక్కడ అరచెయ్యి దూరడానికి కూడా సందు లేదు.

ఇన్నాళ్లకి నా పాఠం సరిగ్గా అర్థమైంది ఒక్కరికే.

“ఎవరు తీశారు?” బావ గుసగుసగా అడిగాడు.

నేను చేసినవి రెండు ఫోల్డర్లే. వాటి కింద ఇప్పుడు మూడోది ఉంది. తెరిచి చూశాను, ఇంకా ఖాళీ.

దాని పేరు ‘మళ్లీ’.