రిటర్నుల గోడౌన్‌లో మెత్తని స్టూలు

"హలో, అందలేదుగారు ఉన్నారా?"

ఫిర్యాదుల బల్ల దగ్గర ఫోనెత్తిన కుర్రవాడి చేతిలోంచి పెన్ను జారి కింద పడింది. ఆ పేరు అతనికి ఇంట్లోవాళ్ళు పెట్టింది కాదు. ఫోన్లో ఈవిడ పెట్టింది.

ఆమె టైలరు. ఆన్‌లైన్‌లో కొన్న కుట్టుమిషను అడుగడుక్కీ దారం తెంపుతోందని కంపెనీకి తిప్పి పంపింది. కంపెనీ మాత్రం తనకేమీ చేరలేదంటోంది. ఆ సంగతి జనానికి మర్యాదగా చెప్పడమే ఇతని ఉద్యోగం.

"ఉన్నానండి."

"అందిందా?"

"అందలేదండి."

"ఆ ఒక్క మాట తప్ప మీకు ఇంకోటి రాదా?"

"వచ్చండి. కంప్యూటర్లో మాత్రం అదే ఉంది."

"కంప్యూటర్ సంగతి పక్కన పెట్టండి. మీరు లేచి, మీ రెండు కళ్ళతో వెతికారా?"

"ర్యాకులన్నీ వెతికానండి. నిన్న పై ర్యాకు ఎక్కితే తలకి ఇనప కమ్మీ కొట్టుకుంది."

ఆమె "మందు రాసుకోండి!" అని కసిరి పెట్టేసింది.

ఆ రోజంతా అతను నేల మీద నడవలేదు. ఒక పార్సిల్ మీద అతికించాల్సిన చీటీని ఇంకో పార్సిల్ మీద అతికించి తిట్లు తిన్నాడు. తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

మర్నాడు మళ్ళీ ఆమె. ఈసారి గొంతులో కారం లేదు.

"మిషను పోతే పోయిందనుకుంటానండి. షాపు మా పిన్నిది. నన్ను పెంచిందీ ఆవిడే. పాత మిషను చాలే అంటుంటే, వెంటపడి కొనిపించింది నేను. మొన్న, 'నిజంగా పంపావుటే?' అని ఒక్కసారి అడిగింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. రోజూ అడిగినా బాగుండేది."

సూపర్‌వైజర్ అద్దాల గదిలో ఉన్నాడు. కుర్రవాడు బల్ల కిందికి వంగి, రిసీవరుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పార్సిల్ పట్టుకెళ్ళినవాడు రసీదు ఇచ్చాడా?"

"ఇచ్చాడు. సంతకం కూడా ఉంది. ఏం, గుసగుసలాడుతున్నారు?"

"వచ్చి తీసుకెళ్ళింది మా మనిషే కదండీ. మీ గుమ్మం దాటాక అది ఎక్కడ పోయినా పూచీ మాదే. చేరలేదని మేం ఊరికే అంటే చెల్లదు. రసీదు ఫొటో పెట్టి, ఇన్నాళ్ళలో బదులివ్వండి అని గడువు పెట్టి మెయిల్ చెయ్యండి. ఇవ్వకపోతే వినియోగదారుల ఫోరంలో కేసెయ్యండి."

"ఎవరి మీద?"

"మా మీదే."

"మీరసలు ఏ పార్టీ అండీ?"

"అదే తేల్చుకోలేక చస్తున్నానండి."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వినడం అతనికి అదే మొదలు. లేవబోయి బల్లకి మళ్ళీ తల కొట్టుకున్నాడు.

మెయిల్ చేస్తుందనుకుంటే మనిషే దిగింది. జోరువానలో, గొడుగు వానకి ఎదురు పెట్టీ సగం తడిసిపోయి, రసీదు ఉన్న ప్లాస్టిక్ కవరు మాత్రం పొడిగా గుండెకి హత్తుకుని గోడౌన్‌లోకి వచ్చింది. జడ చివర నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. మెళ్ళో కొలతల టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది.

"ఇక్కడ అందలేదుగారంటే ఎవరు?"

బదులు చెప్పక్కర్లేకపోయింది. వరసగా నిలబడి పార్సిళ్ళు కడుతున్నవాళ్ళంతా అతనికేసి వేలు చూపించారు.

ఆమె ఎగాదిగా చూసింది. "గొంతు వింటే ఇంకాస్త లావుగా ఉంటారనుకున్నా."

"తింటానండి," అన్నాడు కంగారుగా. తర్వాత మర్యాద గుర్తొచ్చి, లేచి తను కూర్చున్న స్టూలు తుడిచి ముందుకి నెట్టబోయాడు. అది కదల్లేదు. "బరువెక్కువండి. మీరే ఇటు రండి. గోడౌన్ మొత్తానికి ఇంత మెత్తటి సీటు ఇంకోటి లేదు. దీని కోసం ఇక్కడ రోజూ కొట్టుకుంటాం."

ఆమె కూర్చోలేదు. స్టూలుకేసి చూసింది. నీలం గుడ్డ. అంచుల వెంట ఎర్ర పైపింగు. మూలలు కత్తిరించినట్టు మడిచి, సన్నటి చేతికుట్టు.

"ఇదెక్కడిది?"

"ఏదో లోడుతో వచ్చిందండి. పైన చీటీ లేదు, నంబరు లేదు. ఆఫీసుకి పంపిన సీటనుకుని..."

"కుట్టు చూడండి."

"బావుంటుందండి. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు."

"నాదే ఆ కుట్టు!"

గోడౌన్‌లో టేపు చింపే చప్పుళ్ళన్నీ ఒక్కసారి ఆగాయి.

"మిషను వచ్చిన అట్టపెట్టె చిరిగిపోయింది," అంది ఆమె. గొంతు పైకి లేస్తోంది. "టేపు వేస్తే వానకి ఊడుతుంది, కుట్టు ఊడదు. దెబ్బ తగలకుండా పీలికలు కూరి తొడుగు కుట్టాను. మీ లేబుల్ తడుస్తుందని దాన్ని కూడా లోపలే ఉంచి కుట్టేశాను."

"లేబుల్... లోపలా?"

"అంటే, పొద్దున్నించి సాయంత్రందాకా నా మిషను మీద కూర్చుని, నాకే అందలేదని చెప్పారా?"

అతను తల ఊపాడు. ఆమె కోప్పడదామని నోరు తెరిచింది. నవ్వొచ్చింది. ఆపుకోబోతే మరీ ఎక్కువైంది. కడుపు పట్టుకుని చివరికి ఆ స్టూలు మీదే కూలబడింది.

ఆమె వెళ్ళాక సూపర్‌వైజర్ పిలిచాడు. "ఇవాళే వచ్చినట్టు రాసెయ్. రిటర్న్ గడువు ఎలాగూ దాటింది. కొత్త మిషను ఇవ్వక్కర్లేదు, మన పరువూ దక్కుతుంది."

"ఆవిడ ఆలస్యంగా పంపినట్టవుతుంది కదండీ."

"అవనీ. నీకేంటి?"

కుర్రవాడు నిలబడే టైపు చేశాడు. సరుకు సమయానికే చేరింది. గుర్తించక సిబ్బంది దాని మీద కూర్చున్నారు. కస్టమర్ చెప్పింది నిజం. ఆమెకి ఒక కాపీ, పై ఆఫీసుకి ఒక కాపీ పంపి, అప్పుడు చెమట తుడుచుకున్నాడు.

కొత్త మిషను షాపుకి వచ్చిన రోజు వాన వెలిసింది. వ్యానులోంచి దాన్ని మోసుకొచ్చింది అతనే.

"మీరా? బల్ల దగ్గర కదా మీ పని?"

"మార్చేశారండి. ఇప్పుడు డెలివరీ."

"ఆ కాయితం రాసినందుకు శిక్షా?"

"శిక్షేంటండీ, ఈ వీధి నాకే పడింది!"

పిన్ని కత్తెర పక్కన పెట్టి చూస్తోంది. అతను మిషను దించి, ఆవిడ ముందు చేతులు కట్టుకున్నాడు. "మీ అమ్మాయి చెప్పిన రోజే పంపిందండి. తప్పు మాది. ఆ మాట మీకు ఎదురుగా చెప్పాలని వచ్చాను."

పిన్ని వెళ్ళి అమ్మాయి తల దగ్గరికి తీసుకుని, నుదుటి మీద వెంట్రుకలు సర్దింది. ఆ సర్దడం అవసరమైనదానికన్నా చాలాసేపు సాగింది. తర్వాత, "ఈ అబ్బాయి చొక్కా ఏ మహానుభావుడు కుట్టాడో గానీ, భుజాలు మోచేతుల మీదున్నాయి. కొలతలు తీసుకోవే," అని తెర వెనక్కి పోయింది.

ఆమె టేపు తీసింది. భుజానికి పెట్టింది.

"ఒకటి చెప్పనాండీ," అన్నాడు గోడకేసి చూస్తూ. "మీరు అబద్ధం చెప్పడం లేదని నాకు మొదటి ఫోన్లోనే తెలుసు."

టేపు ఆగింది. "ఎలా?"

"అబద్ధం చెప్పేవాళ్ళు బతిమాలతారండి. మీలా తిట్టరు."

"మరి రోజూ అందలేదని..."

"ఫిర్యాదు మూసెయ్యమని పైవాళ్ళు చెబుతూనే ఉన్నారు. నేనే తెరిచి ఉంచాను. మూసేస్తే మీరు మళ్ళీ ఫోన్ చెయ్యరు కదా."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఛాతీ కొలత తీసుకోవడానికి టేపు చుట్టూ తిప్పింది, అంకె చూసింది, మర్చిపోయింది, మళ్ళీ తిప్పింది.

తెర వెనకనుంచి పిన్ని, "చొక్కా కొలతలకి ఇంతసేపేంటే?" అంది.

"ఈయన ఒకటే కదులుతున్నాడు పిన్నీ!"

అతను రాయిలా నిలబడి ఉన్నాడు. ఊపిరి కూడా తీసుకోవడం లేదు. వణుకుతోంది టేపు పట్టుకున్న చెయ్యి.

"అవునండీ పిన్నిగారూ," అన్నాడు గట్టిగా. "కదులుతున్నది నేనే."