నూరో రోజు

"శభాష్ ఛాంపియన్! ఈరోజుతో నూరు రోజులు పూర్తి. బయల్దేరుదామా?"

తెల్లారి ఆరింటికే భర్త ఫోను కూసింది. పొయ్యి మీద పాలు పెడుతున్న ఆమెకు ఒళ్ళు మండింది. డెలివరీ యాప్‌లోని ఆ లేత గొంతు మూణ్ణెల్లుగా వాళ్ళింట్లో సవతిలా కాపురం చేస్తోంది.

ఆయన గోడ పట్టుకుంటూ హాల్లోకి వచ్చాడు. ఎడమ చీలమండ పొంగిన పూరీలా ఉంది.

"ఇదెప్పుడైంది?"

"నిన్న. పార్సిల్ ఇవ్వడానికెళ్ళి నాలుగో అంతస్తు మెట్ల మీద జారాను. ఏం కాదులే."

"ఏం కాకపోతే కుంటుతున్నారెందుకు? ఆసుపత్రికి పదండి."

"రేపు వెళ్దాం. ఇవాళ పదింటిలోపు బయల్దేరకపోతే వరుస రోజుల లెక్క మళ్ళీ సున్నా. వజ్రం స్థాయి పోతుంది. తర్వాత మంచి ఆర్డర్లన్నీ ఇంకొకడికి."

ఆమె గరిటె కింద పెట్టింది. "మీ మేనేజరెవరు? నంబరివ్వండి. నేను మాట్లాడతా."

"మేనేజరు లేడే! నేనెవరికీ పనివాణ్ణి కాను. భాగస్వామిని. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు."

"అయితే ఇవాళ మానండి!"

ఆమె ఫోను లాక్కుని, సహాయం అన్నచోట, 'కాలు వాచింది, రాలేను' అని కొట్టింది. రెప్పపాటులో జవాబు వచ్చింది.

'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఎనిమిదిలోపు బయల్దేరితే రెట్టింపు పాయింట్లు!'

"చూశారా మీ భాగస్వామ్యం! నేను నెత్తీ నోరూ బాదుకుంటే వినరు గానీ, ఈ చిలక పలుకులకు మాత్రం పరిగెత్తుతారు."

"అది యంత్రమని నాకు తెలీదా?" ఆయన గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీలో లేతు మిషను ముందు నిలబడ్డాను. బాగా చేశావని ఒక్కడు అన్లేదు. మూసేసిన రోజు గేటు దగ్గర కాగితం చేతిలో పెట్టారు, అంతే. ఇది రోజూ శభాష్ అంటుంది. అబద్ధమని తెలుసు. అయినా వినాలనిపిస్తుందే!"

పాలు పొంగి పొయ్యి ఆరిపోయాకే ఆమె దాన్ని కట్టేసింది. మూణ్ణెల్లుగా తను ఆయనతో అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. ఆలస్యమైందేం, బురద కాళ్ళతో రాకండి, ఆ ఫోను ఆపండి. అన్నీ అవే.

పోట్లాట పెట్టుకోకుండా స్కూటరు తాళం తీసుకుంది. ఆయనా అడ్డు చెప్పకుండా వెనక కూర్చున్నాడు.

ఎముక విరగలేదు గానీ మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు డాక్టరు. కట్టు కోసం బల్ల మీద కూర్చుని ఉండగానే, వరుస తెగిపోయిందని ఫోను చెప్పింది. ఆయన పరీక్ష తప్పిన పిల్లాడిలా దాన్నే చూస్తున్నాడు.

ఆమె పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. పొగడటం ఆమెకు చేతకాదు.

"మొన్న తుఫానులో మీరు తడిసి ముద్దై వచ్చారు. సంచీలో ఎవరికో ఇవ్వాల్సిన పొట్లం మాత్రం పొడిగా ఉంది. చూశాను. నాకు గర్వంగా అనిపించింది. నోరు విప్పి చెప్పలేదంతే."

ఆయన తల దించుకుని చొక్కా చేతితో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఊరుకోండి. కాలు నొప్పికి ఏడుస్తున్నారనుకుంటారు."

"అనుకోనీ," అన్నాడాయన, ఆమె చెయ్యి వదలకుండా.