ఆకలిగొన్న బొగ్గు

పొద్దున్నే చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి, సువార్త పెరట్లోకి తొంగి చూసింది. అత్తమ్మ కాంతమణి వంకాయ కుండీల ముందు నడుమున చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆకులన్నీ పసుపుపచ్చగా వేలాడుతున్నాయి.

“ఏం పోసినవే వీటికి?”

“బొగ్గు, అత్తమ్మా. నీళ్లు కాగబెట్టే బాయిలర్‌లది దంచి కలిపిన. బయోచార్ అంటరంట. ఎరువును పట్టుకొని మెల్లమెల్లగ చెట్టుకిస్తదని రేడియోల చెప్పిన్రు.”

“పదో తరగతి సుత దాటలే, సైంటిస్టువయినవ్. కోతపండుగకు ఏం పట్కపోవాలె? మోండా మార్కెట్ల కొని, నేను పండించిన్నని దేవుని ముందల పెట్టాల్నా?”

ఏటా కోతపండుగనాడు దేవుని ముందు పెట్టిన పంటను చర్చిలో వేలం వేస్తే, అత్తమ్మ వంకాయల కోసం జనం పోటీపడతారు. మామయ్య పోయాక అత్తమ్మ ముఖం వెలిగేది ఆ ఒక్కరోజే.

“పోనీ అమ్మా, ఆ బొగ్గు తీసి పారేద్దాం,” అన్నాడు భర్త యేసురాజు, గుమ్మంలోంచి.

“నువ్వు చాయ్ తాగు,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

సువార్త కుండీలో మట్టి తవ్వి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. బొగ్గును పేడనీళ్లలో నానబెట్టి కలపమన్నారు రేడియోలో. చంటి కూతురికి స్నానం చేయించే హడావిడిలో తను పొడిబొగ్గే కలిపేసింది.

“ఉత్త బొగ్గు వేసిన అత్తమ్మా. అది ఆకలి మీదుంది. మట్టిల బలమంత అదే తింటున్నది. పేడనీళ్లు పోస్తే దాని కడుపు నిండుతది, అప్పుడు చెట్టుకు పెడతది.”

కాంతమణి కోడలి వైపు తిరిగింది.

“పెండ్లయిన కొత్తల నువ్వు సుత గట్లనే. గిన్నెల పెరుగంత నువ్వే తింటివి.”

“మీరే వడ్డించిన్రు గద.”

“దీనికి సుత వడ్డిద్దాం, పా.”

యేసురాజు బొల్లారం డెయిరీ నుంచి స్కూటర్ మీద పేడ బకెట్ తెచ్చాడు, దారంతా ముక్కు మూసుకునే వీలు లేక అవస్థపడుతూ. అత్తాకోడళ్లు పలుచగా కలిపి పోశారు. వారాలు గడిచేకొద్దీ ఆకులు పచ్చబడ్డాయి. మళ్లీ ఎరువు వేయకపోయినా పూత ఆగలేదు. బొగ్గు దాచుకున్నదంతా కొంచెం కొంచెంగా ఇస్తూనే ఉంది.

కోతపండుగనాడు చర్చిలో పక్కింటి రోసమ్మ బుట్టలోకి తొంగి చూసింది. “గింత నిగనిగలాడుతున్నయ్, ఏమేసినవ్ కాంతమణీ?”

“నన్నడుగకు. మా కోడల్నడుగు.” కాంతమణి బుట్టను సువార్త చేతుల్లో పెట్టింది. “పండించినోళ్లే దేవుని ముందల పెట్టాలె. నడువు.”

కళ్లు నిండిపోయి సువార్తకు ముందున్న కానుకల బల్ల కనిపించలేదు. వెనకనుంచి అత్తమ్మ చెయ్యి వచ్చి, బుట్టతోపాటు ఆమె చేతినీ పట్టుకుని మెల్లగా బల్ల మీదికి దించింది.