కార్డు ఖాళీ కాదు

కర్దనూర్ దాటాక మొగులయ్య స్కూటర్‌ను లారీ గుద్దింది. గుద్దిన లారీ పారిపోలేదు, ఆగింది. ఇద్దరు దిగారు. పడినవాణ్ణి లేవదీయలేదు. జేబులు తడిమారు, మెడలో ఉన్న డిజిటల్ కెమెరా ఆన్ చేసి చూశారు. తెర మీద 'నో ఇమేజెస్' అని కనిపించింది. కెమెరాను అతని ఛాతీ మీదికే విసిరేసి వెళ్ళిపోయారు.

వెనకాల బైక్ మీద వస్తున్న సంగప్ప చేరేసరికి మొగులయ్యకు ఇంకా ఊపిరి ఆడుతోంది. ఇద్దరూ ఒకే సీక్రెట్ సర్వీస్ ఏజెంట్లు. బాయిలర్ ఆపరేటర్ల వేషంలో పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో తిరుగుతూ ఏడాదిగా ఒక విదేశీ ముఠా వెంట ఉన్నారు. ఆ ముఠా హంతకుడి కోడ్ నేమ్ 'ట్రైపాడ్'. వాడి మొహం ఎవరూ చూడలేదు.

"వాణ్ణి తీసిన సంగన్నా. మొకం పడ్డది."

"మాట్లాడకు. అంబులెన్స్ వస్తున్నది."

"లారీ ఎంబడి పడ్డదని అన్నీ డిలీట్ గొట్టిన. కార్డు ఖాళీ కాదే. కొత్త ఫోటో మాత్రం తియ్యకు."

తర్వాత భార్య అరుణమ్మ పేరు సగం పలికాడు. మిగతా సగం పలకలేదు.

సంగప్ప అతని కళ్ళు మూసి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని చీఫ్ సత్తయ్యకు సెల్ కొట్టాడు. సత్తయ్య అప్పుడు గుమ్మడిదల వైపు కొత్తగా కట్టిన రక్షణ పరికరాల ఫ్యాక్టరీ గేటు దగ్గర, సెక్యూరిటీ రూమ్‌లో కంప్యూటర్ ముందు ఉన్నాడు. ఆ ఉదయమే ప్రారంభోత్సవం. ఢిల్లీ నుంచి పెద్ద సైంటిస్ట్ వస్తున్నాడు. వార్త, కార్డు సంగతి విని సత్తయ్య తనకు అప్పుడే అందిన సమాచారం చెప్పాడు. లోపలికి వచ్చిన ఆరుగురు ప్రెస్ ఫోటోగ్రాఫర్లలో ఒకడు ట్రైపాడ్. వాడి కెమెరా నిండా పేలుడు పదార్థం. షట్టర్ బటనే స్విచ్.

ప్రోగ్రాం ఆపేయమన్నాడు సంగప్ప. ఆపితే ట్రైపాడ్‌కు అనుమానం వస్తుందని, నిలబడ్డచోటే నొక్కేస్తాడని చీఫ్ అన్నాడు. చుట్టూ కార్మికులు, వాళ్ళ పిల్లాజెల్లా ఉన్నారు.

"మొహం కావాలి సంగప్పా. తెలిస్తే పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంటా. తెలియకపోతే ఆరుగురిలో ఎవరి చెయ్యి పట్టుకోను?"

ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తోంది అరుణమ్మ. కార్మికుల తరఫున సైంటిస్ట్‌కు బొకే ఇవ్వడానికి ఆమెనే ఎంచుకున్నారు. అప్పటికే పట్టుచీర కట్టుకుని వేదిక పక్కన నిలబడి ఉంది.

"ఆమెకు ఇప్పుడే చెప్పకండి సార్," అన్నాడు సంగప్ప.

అంబులెన్స్ వాళ్ళకు శవాన్ని అప్పగించి బైక్ ఎక్కాడు. గుమ్మడిదల చేరేంత టైమ్ లేదు. మిగిలింది ఒకటే దారి, పటాన్‌చెరులో శివాని కలర్ ల్యాబ్. శివాని అసలు పేరు శివమ్మ. తల మీదికి నెట్టిన నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి గోళ్ళు, ఆమె నవ్వితే ఆల్బమ్ బిల్లు మీద బేరమాడడం మర్చిపోయే పెళ్ళివాళ్ళు చాలామందే. సర్వీస్‌కు దొంగ ఐడీ కార్డుల ఫోటోలు తయారుచేసేది ఆమే. రెండేళ్ళుగా నమ్మిన మనిషి.

మొగులయ్య పోయాడని చెబితే శివాని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కెమెరా తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"దెబ్బకు కార్డే పోయిందేమో. ఒక్క స్నాప్ కొట్టి చూద్దాం," అంటూ సంగప్ప వైపు ఎత్తింది.

సంగప్ప ఆమె మణికట్టు పట్టుకున్నాడు. డిలీట్ కొట్టినంత మాత్రాన ఫోటో పోదు. దాని పేరు మాత్రమే చెరిగిపోతుంది. ఫోటో కార్డులోనే ఉంటుంది, కొత్తది వచ్చి దాని మీద కూర్చునేదాకా. ఈ పాఠం మొగులయ్యకు, తనకు ఇదే కౌంటర్ దగ్గర నేర్పింది శివానీయే.

"ఇయ్యాల ఎటు పోతున్నడో మొగులు నీకు చెప్పిండు గదా," అన్నాడు మెల్లగా.

"జెర ఆలస్యంగ అర్థమైంది నీకు."

కెమెరాను కౌంటర్ మీద పెట్టి, ఫ్లాష్ గన్ కవర్‌లోంచి చిన్న పిస్టల్ తీసింది. సంగప్ప చెయ్యి పక్కనున్న స్టూడియో ఫ్లాష్ లైటును తాకింది. ఫుల్ పవర్‌లో ఉంది. టెస్ట్ బటన్ నొక్కాడు. గదంతా తెల్లబడిపోయింది. గుండు అతని చెవి పక్కనుంచి వెళ్ళి, వెనకాల తెర మీద వేసిన జలపాతంలో దిగింది. కళ్ళు మూసుకుపోయిన శివాని చేతిలోంచి పిస్టల్ లాక్కుని, ఆమెను డార్క్ రూమ్‌లోకి తోసి గడియ పెట్టాడు.

కార్డు రీడర్‌లో పెట్టాడు. ముందు కార్డు మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ మీదే రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపాడు. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. తెర మీద రికవరీ గీత నత్తలా పాకుతోంది. ఏడుపు వచ్చింది సంగప్పకు, ఆపుకున్నాడు.

ఫోటో తెరుచుకుంది. కిటికీ ముందు నిలబడ్డ మనిషి. వెనకాల వెలుగు, మొహం బొగ్గులా నలుపు.

"లాభం లేదు సంగప్పా," లోపలినుంచి శివాని అంది. "గుడ్డిగ తీసిండు నీ దోస్తు."

సంగప్ప బ్రైట్‌నెస్ పెంచాడు. కిటికీ, గోడ, మొహం అన్నీ కలిసి పొగమంచులా తేలిపోయాయి. వెనక్కి తీసుకున్నాడు. ఈసారి వెలుగును ముట్టుకోకుండా, కర్వ్స్ అనే టూల్‌లో నీడల భాగం ఒక్కటే పైకి లాగాడు. కొద్ది కొద్దిగా ముక్కు వచ్చింది. తెగిన కనుబొమ్మ వచ్చింది. మొగులయ్య గుడ్డిగా తియ్యలేదు. కుదింపు లేని టిఫ్ ఫార్మాట్‌లో తీశాడు, అందుకే ఆ నలుపులో మొహం బతికి ఉంది.

కానీ ఆ ఫైల్ తొమ్మిది ఎంబీ. ఈ డయలప్ లైన్ మీద పంపితే సభ ముగిసి కుర్చీలు సర్దేదాకా కూడా చేరదు.

"సైంటిస్ట్ దిగాడు," సెల్‌లో సత్తయ్య గొంతు. "ఎక్కడిదాకా వచ్చింది?"

మొత్తం ఫోటోను కుదిస్తే మొహం గోరంత అవుతుంది, గుర్తుపట్టలేరు. అందుకే ముందు క్రాప్. తల నుంచి భుజాల దాకా ఉంచి కిటికీని, గోడను కోసి పారేశాడు. రంగులు తీసేశాడు. అప్పుడు పిక్సెల్స్ తగ్గించాడు. అన్నిటికన్నా చివర జేపెగ్‌గా, ఒక్కసారే సేవ్ చేశాడు. పదే పదే చేస్తే మొహం గళ్ళు గళ్ళుగా చితికిపోతుంది. తొమ్మిది ఎంబీ ఫైల్ ముప్ఫై ఐదు కేబీకి వచ్చింది.

సెండ్ కొట్టాడు. లైన్ తెగింది.

మళ్ళీ డయల్ చేశాడు. మోడెమ్ గరగరలాడింది. యూపీఎస్ అరుపు ఏకధాటి అయింది. 'మెసేజ్ సెంట్' అని కనిపించీ కనిపించకముందే తెర ఆరిపోయింది.

ఇక చేతిలో సెల్ తప్ప ఏమీ లేదు.

"వస్తోంది," అన్నాడు సత్తయ్య. "జుట్టు వచ్చింది. నుదురు. కళ్ళు." తర్వాత సెల్‌ను బల్ల మీద పెట్టిన చప్పుడు. పరుగు కాదు, మామూలు నడక దూరమైంది.

సెల్‌లో దూరంగా, మైకులో అరుణమ్మ పేరు పిలవడం వినిపించింది. ఫోటోగ్రాఫర్లు అమ్మా ఇటు చూడండి అంటున్నారు. సంగప్ప కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక చప్పుడు వినిపించకూడదని మొక్కుకున్నాడు.

చప్పట్లు వినిపించాయి. మామూలు చప్పట్లు. అవి ఆగేదాకా అతను ఊపిరి తీసుకోలేదు.

"దొరికాడు," సత్తయ్య తిరిగొచ్చి అన్నాడు, రొప్పుతూ. "పాత దోస్తులా భుజమ్మీద చెయ్యి వేసి, రెండో చెయ్యి వాడి వేలి కింద దూర్చాను. బటన్ సగం నొక్కేశాడు సంగప్పా. ఫోకస్ లాక్ అయింది. మిగతా సగం నా వేలి మీద ఆగింది."

శివానిని పోలీసు జీపు ఎక్కించి, మధ్యాహ్నానికి సంగప్ప ఫ్యాక్టరీకి వెళ్ళాడు. షామియానా విప్పుతున్నారు. అరుణమ్మను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పాల్సింది చెప్పాడు. ఆమె పట్టుచీర కొంగును వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. పెళ్ళయినప్పటి నుంచి ఫోటో దిగమంటే మొగులయ్య ఏదో ఒక సాకు చెప్పేవాడట. ఎందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"ఆ కార్డుల ఆయనది ఒక్కటన్న ఉన్నదా అన్నా?"

"అన్నీ ఆయన తీసినవే చెల్లె. ఒక్కదాంట్ల నీడ పడ్డది. కెమెరా ఎత్తి పట్టుకున్న నీడ."

"అదే పెద్దగ చేసియ్యి."

చేసిచ్చాడు.

నెల తర్వాత హెడ్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. మృతి చెందిన ఏజెంట్ రికార్డు కోసం, ముఖం స్పష్టంగా కనిపించే ఫోటోను తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, యాభై కేబీ మించకుండా పంపమని. సంగప్ప ఆ నీడనే పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది: 'ఫైల్ సైజు సరిపోయింది. ధన్యవాదాలు.'