కోకం చారు

"సార్, గా గిన్నెల ఉడికేది ఏంది?"

"చారు."

"చారు గంత నల్లగ ఎందుకుంది?"

వంటింటి అలమరలో నిలబెట్టిన ఫోన్‌లోంచి సంతోషి అడుగుతుంటే ఆదర్శ్‌కు చిరాకేసింది. ఇంట్లో సరుకులు కొనడం, వాడడం ఎవరి దగ్గర ఎవరు నేర్చుకుంటారన్నది ఆమె పీహెచ్‌డీ అంశం. కరోనా వల్ల ఇళ్లకు వెళ్లలేక, ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో చూస్తుంది. గుజరాత్‌కు వలసొచ్చిన తెలంగాణ నేతగాళ్ల ఇంట, సలాబత్‌పురా మరమగ్గాల చప్పుడులో పెరిగిన పిల్ల. గొంతు కాస్త పెద్దది.

"చూడడమే మీ పనన్నారు కదా. చూడండి."

"చూస్తున్న సార్. కండ్లు మండుతున్నయ్."

ఆదర్శ్ అదే ఊరి పక్క హజీరాలో ఒక కంపెనీ రిస్క్ విభాగంలో మేనేజరు. ఏ పనైనా ఒక్క మనిషికే తెలిసి ఉంటే ప్రమాదమని, మరొకరికి నేర్పి ఉంచాలని ప్లాంటంతా తిరిగి చెప్పేవాడు. ఇంట్లో మాత్రం అన్నీ అమ్మకే తెలుసు. సెకండ్ వేవ్‌లో అమ్మ పోయింది. కడసారి చూపు కూడా దక్కలేదు. అప్పటినుంచి నాన్న ఆదిశేషయ్య మాట మానేశాడు. కంచం ముందు కూర్చుంటాడు, ముద్ద కలుపుతాడు, లేచిపోతాడు. మనిషి సగమయ్యాడు.

ఆ పూట కూడా చారు నోట పెట్టి కంచం జరిపేశాడు.

"ఇంకేం చేయాలో నాకు తెలీడం లేదండీ," అన్నాడు ఆదర్శ్ గోడకు ఆనుకుని.

సంతోషి మొహం తెరకు దగ్గరగా వచ్చింది.

"ఆ పులుపు జర ఫోన్ దగ్గర పెట్టున్రి," అంది సంతోషి మెల్లగా. "గిది చింతపండు కాదు సార్. కోకం. గుజరాతీలు దాల్‌ల ఏస్తరు. దుకాణంల ఏమని అడిగిన్రు?"

"నల్లగా ఉండే పులుపు అని..."

"ఆమ్లీ అనాలె. చింతపండు ఇస్తరు. పోపుల ఇంగువ మర్వకున్రి."

మర్నాడు ఆదిశేషయ్య అన్నం తిన్నాడు. ఇంకొంచెం పొయ్యమన్నట్టు కంచం ముందుకు తోశాడు. ఆదర్శ్ గరిటె పట్టుకుని అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఫోన్ మోగలేదు. తనే చేశాడు.

"మీ ఇంటిని స్టడీలకెల్లి తీసేసిన సార్."

"మేమేం తప్పు చేశాం?"

"తప్పు నాది. మీరెట్ల నేర్చుకుంటరో చూడాలె గని, నేను నేర్పొద్దు. నేర్పిన. మా గైడ్‌కు నేనే చెప్పిన."

"తెలిసీ ఎందుకు నేర్పారు?"

"పెద్దాయన పస్తుంటే చూసుకుంట కూసోవాల్నా?"

ఆ గొంతు వినపడకపోతే ఈ ఇంట్లో మళ్లీ గోడలే మిగులుతాయి.

"స్టడీ లేకపోయినా ఫోన్ చేయండి సంతోషీ. చారు కోసం కాదు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని వారమంతా చూస్తున్నాను."

"గది రిస్క్ సార్."

"తెలుసు."

అవతల నవ్విందో, ముక్కు ఎగబీల్చిందో తెలియలేదు. ఇంతలో వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఫోన్ అందుకుంది.

"అమ్మాయీ." ఇన్నాళ్లూ మాట లేని నాన్న గొంతు బొంగురుగా ఉంది. "వీడు ఇంగువ మాడుస్తున్నాడు. నాకు చెప్పు. నేనూ నేర్చుకుంటాను."

సంతోషి అంది, "ముందుగాల పొయ్యి ఎలిగించున్రి, మామయ్యా."

ఆదర్శ్ తలెత్తి చూసేసరికి నాన్న అగ్గిపెట్టె వెతుకుతున్నాడు.